నత్త బండిలో మా వేసవి

"నత్త మీద రైడా? నత్తనడక బండికి టికెట్టు కొనేదెవరమ్మా?" అన్నాడు పార్కు మేనేజరు, బల్ల మీదున్న మట్టి నత్తను చూపుడువేలితో ఒక్క పొడుపు పొడిచి. అది బల్ల అంచుదాకా జారి ఆగింది. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు దేనికైనా నవ్వొచ్చేది. పెళ్లయి నలభై రోజులు. నవ్వడానికి కారణం వెతుక్కోవలసిన పని లేని కాలం.

నవ్వనిది మా ఆయన. ఆ మట్టి నత్తను చేసింది ఆయనే, దాని చుట్టూ కట్టబోయే రైడు మొత్తం గీసిందీ ఆయనే. ఆయన సొంతంగా గీసిన మొట్టమొదటి రైడు అది.

కథ పిల్లల కార్టూను సినిమాది. తోటకు ఒక చివర ఉండే నత్త, రెండో చివర ఉండే కప్ప పుట్టినరోజుకు బయల్దేరుతుంది. ఎండా వానా దాటుకుని, ఏడాది పొడుగునా నడిచి, సరిగ్గా మరుసటి పుట్టినరోజుకు చేరుతుంది. "ఆలస్యమైందా?" అంటే, "లేదు, వేళకే వచ్చావు" అంటుంది కప్ప. సినిమా తీసిన దర్శకురాలు మా పార్కుకు అనుమతి ఇస్తూ ఒక్కటే షరతు పెట్టింది, నత్త పరుగెత్తకూడదు. మా మేనేజరుదీ ఒక్కటే షరతు, ఎక్కినవాళ్లు కెవ్వుమనాలి.

"నత్త నెమ్మదేనండీ, లోకమే తొందర," అన్నాడు మా ఆయన. "బండి నెమ్మదిగానే వెళ్తుంది. కానీ అందులో కూచున్న మనిషి నత్తంత అయిపోతాడు. వానచుక్క గుమ్మడికాయంత, పక్కనే పడుతుంది. రాలిన ఆకు పడవంత. కోడి అడుగేస్తే స్తంభం కూలినట్టు."

మేనేజరు ఆ మట్టి నత్తను తీసి మళ్లీ మధ్యలో పెట్టాడు. "వేసవి సెలవులకు ముందు దర్శకురాలు వచ్చి ఎక్కి చూస్తుంది. ఊ అంటే సరే. ఉహూ అంటే అదే షెడ్డులో గిరగిరా తిరిగే టీకప్పులు కొని పెట్టేస్తా. డిజైను విభాగం మూసేస్తా. మీ ఇష్టం."

ఆ మూసెయ్యడం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. రైలులో పధ్నాలుగు గంటల దూరంలో, రైడ్లకు ఇనప పట్టాలు పోసే కంపెనీ మా ఆయనను రమ్మంటూ ఉత్తరం పంపింది. వేసవి సెలవులు మొదలయ్యేలోగా జవాబు చెప్పమంది. నా పని పార్కులో రైడ్లన్నింటి కంట్రోళ్లూ చూడడం, రెండేళ్లు మాననని సంతకం పెట్టి చేరినదాన్ని. నత్త గట్టెక్కకపోతే ఆయన అక్కడ, నేనిక్కడ.

*

మా ఇల్లు మూడు గదులు. మధ్య గోడలు పలుచటి చెక్కవి. అటు గదిలో మావయ్య ఆవులిస్తే ఇటు గదిలో మాకు నిద్రొచ్చేది. మేం గుసగుసలు మొదలుపెడితే, "దీపం ఆర్పితే మాటలు ఇంకా బాగా వినిపిస్తాయర్రా," అనేది అత్తయ్య అటునుంచి, చాలా మామూలుగా. కింద వీధివైపు మావయ్య సోఫాల దుకాణం. ఆయన చట్రాలు బిగిస్తాడు, అత్తయ్య కవర్లు కుడుతుంది. ముప్ఫై ఏళ్లుగా అదే పని. వచ్చేపోయేవాళ్లు పొద్దున ఏడింటికే మొదలు. ఇక కొత్త దంపతులు ఎక్కడ కూచుని మాట్లాడుకోవాలి?

నత్త బండిలో.

షెడ్డులో తొలి బండి సిద్ధమైంది మొదలు, మాకు అదే ముందుగది, అదే వరండా. ముగ్గురు పట్టే ఒక బెంచీ, ఒళ్లో వాలే అడ్డకడ్డీ, వెనక నత్త గుల్ల. పట్టా మీద మెల్లగా పోతూ, ఒక్కొక్క దృశ్యం దగ్గర తన పీఠం మీద అటో ఇటో తిరుగుతుంది. ఎక్కడ ఎంత తిరగాలో కంట్రోలు పెట్టెలో రాసేది నేను. తిరిగినప్పుడు ఏం కనపడాలో కట్టించేది ఆయన. కాబట్టి ఇద్దరం కలిసి ఎక్కి చూడక తప్పదు. ఉద్యోగ ధర్మం!

"ఇంకోసారి చూద్దామా?" అని అడిగేది తనేనని ఇప్పటికీ అంటాడు కానీ, అడిగేదాన్ని నేనే.

ఇంట్లో ఆయన్ని "ఏవండీ" అంటాను. షెడ్డులో "నువ్వు". బండిలో ఇంకేవో అనేదాన్ని, అవి మీకనవసరం. కోడి దగ్గర కొంచెం ఆగాలా, వానచుక్క ఎడమవైపు పడాలా అని వాదించుకుంటూ నేను ఆయన భుజం మీద తల ఆనించేదాన్ని, ఆయన నా తల మీద తల ఆనించేవాడు. మా ఇద్దరి కళ్లూ ఉన్న చోటు కొలిచి, అక్కడ ఒక కర్రకు మేకు కొట్టి, ఆ మేకు నుంచి ప్రతి దృశ్యం అంచుకూ దారం లాగి కట్టేవాళ్లం. దారానికి ఇవతల ఉన్నదంతా కనపడుతుంది, దాన్ని అందంగా చెయ్యాలి. అవతల ఉన్నది కనపడదు, అక్కడ గొట్టాలుండొచ్చు, తీగలుండొచ్చు. ఆ దారం ప్రకారమే అట్టలు కోసి, వాటిని బట్టి చెక్కా ఫైబరూ కోయించాం.

"అమ్మాయ్, ఆ బండి మీ ఇద్దరి పేర్న రిజిస్టరు చేయించుకున్నారా ఏంటి?" అనేవాడు వెల్డరు బాబాయి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి.

"పరీక్ష బండికో వీళ్లకో తేలట్లేదు బాబాయ్," అనేది గోడలకు రంగులేసే అక్క, నిచ్చెన మీంచి.

"పని మీద ఉన్నామక్కా!"

"కనిపిస్తూనే ఉందిలే."

పుస్తకంలో నేనే రాశాను, రెండువందల పధ్నాలుగు పరీక్షలు. రెండువందల పధ్నాలుగుసార్లూ అద్భుతంగా ఉంది.

*

దర్శకురాలు రావడానికి ఎనిమిది రోజుల ముందు, పూర్తయిన రైడు మొదట మా పెద్దవాళ్లకు చూపించాలని ముచ్చటపడ్డాం. అత్తయ్య పూలపూల చీర కట్టుకుంది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బండిని చుట్టూ తిరిగి చూశాడు, మిగతా లోకం ఎలా పోయినా ఆయనకు సీటే ముఖ్యం. వేలితో నొక్కి, "గట్టిగానే ఉంది," అన్నాడు, గట్టిగా ఉండడం తప్పన్నట్టు.

అత్తయ్య బెంచీకి ఈ చివర కూచుంది. మావయ్య ఆ చివర. మధ్యలో అత్తయ్య చేతిసంచి, మూడో మనిషిలా. వాళ్లెక్కడ కూచున్నా అంతే, బస్సులోనైనా ఆస్పత్రిలోనైనా. నేను అడ్డకడ్డీ వాల్చి మీట నొక్కాను. బండి చీకట్లోకి పాకింది.

నాలుగు నిమిషాల తర్వాత బయటికొచ్చారు. షెడ్డులో పనివాళ్లంతా చుట్టూ చేరారు.

"ఎలా ఉందత్తయ్యా?"

"చాలా బాగుందమ్మా. మరీ ముఖ్యంగా ఆ బకెట్టు."

"బకెట్టా?"

"అదేనే, కోడి వెనకాల నీలం బకెట్టు, దాని మీద ఆరేసిన చొక్కా. సినిమాలో చూసినట్టు గుర్తులేదు. కొత్తగా కలిపారా?"

"చొక్కా నాదండీ," అన్నాడు వెల్డరు బాబాయి సన్నగా.

"నాకసలు కోడే కనపళ్లేదు," అన్నాడు మావయ్య. "కోడికాలు లోపలి గొట్టం కనపడింది. దాని నట్టు కనపడింది. నట్టు మాత్రం భేషుగ్గా బిగించారురా. మంచి పని."

మా ఆయన ఒక్క ఉదుటున బండెక్కి ఈ చివర కూచున్నాడు. నేను ఆ చివర కూచున్నాను. మా మధ్య అంత ఎడం ఉండడం ఆ బండిలో అదే మొదటిసారి. వెళ్లాం. వానచుక్క ఎలా వేలాడుతోందో తీగతో సహా కనపడింది. ఆకు వెనక నిచ్చెన. పువ్వు వెనక ఎవరో సగం తిని మడిచిపెట్టిన బిస్కట్ల పొట్లం. కప్ప ఇంటి తలుపు వెనక ఇల్లే లేదు, రెండు కర్రలు, వాటి మీద "ఇటు వైపు పైకి" అని రాసిన అట్టపెట్టె.

దిగాం. రంగులక్క వేళ్లతో ఏదో లెక్కపెట్టి, నెమ్మదిగా అంది. "అంటే... రెండువందల పధ్నాలుగుసార్లూ మీరిద్దరూ..."

అక్కడితో ఆపింది. ఆపినా లాభం లేకపోయింది. ముందు వెల్డరు బాబాయి కిసుక్కున నవ్వాడు, తర్వాత షెడ్డు షెడ్డంతా పొట్టలు పట్టుకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. పెట్టకూడని చోట పెట్టడం వల్లే కదా ఇదంతా! రెండు చివర్లా రెండు మేకులు కొట్టి రెండు జతల దారాలు లాగాల్సినవాళ్లం, మా రెండు తలలూ కలిసిన చోట ఒక్క మేకు కొట్టి, ఆ ఒక్క చుక్క కోసం తోటంతా కట్టేశాం.

అత్తయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను కింద దుకాణంలో ఉంటాను, ఇంట్లో మీరే ఉండేడవచ్చు కదర్రా," అంది.

నవ్వులయ్యాక చెక్కలన్నీ మళ్లీ కోయాలంటే ఎన్నాళ్లని లెక్క కట్టాం. ఆరు వారాలు. ఉన్నవి ఎనిమిది రోజులు. మేనేజరు ఫోనులో తేలిగ్గా తేల్చేశాడు. "వేగం పెంచెయ్యండి. రివ్వుమని పోతుంటే బకెట్టు ఎవడు చూస్తాడు?"

నిజమే. పరుగెత్తే బండికి వెనక గోడ అక్కర్లేదు. నత్తనడక బండిలో మనిషికి అన్నీ చూసేంత తీరిక ఉంటుంది. కంట్రోలు పెట్టె నా చేతుల్లోనే ఉంది, ఒక్క అంకె మారిస్తే మూడింతల వేగం. నేను ఆయన వంక చూశాను.

"మార్చనా?"

పధ్నాలుగు గంటల రైలు మా ఇద్దరి మధ్య నుంచే పోతున్నట్టుంది.

"పరుగెత్తితే అది నత్త కాదు," అన్నాడు. "ఆవిడకి తెలుస్తుంది. నాకూ తెలుస్తుంది."

*

ఆ సాయంత్రం నలుగురం బల్ల చుట్టూ కూచున్నాం. ఎవరి గ్లాసు వాళ్లు తిప్పుతున్నారు. నేను పెళ్లయ్యాక నవ్వకుండా గడిపిన మొదటి గంట అదే అనుకుంటాను.

"ఒరేయ్, నాకు తెలీకడుగుతాను," అంది అత్తయ్య. "మీ తోటంతా మధ్యలో కూచున్నవాళ్లకి బాగానే ఉందిగా? తోటని కదపలేకపోతే మనుషుల్నే మధ్యకి తెస్తే పోలా?"

"టికెట్టు కొన్నవాళ్లని దగ్గరగా జరగండని ఎలా చెప్తామమ్మా?"

"చెప్పడమెందుకు? కుంగిన సోఫాలో కూచోబెట్టు. వాళ్లే జారతారు."

మావయ్య గ్లాసు టక్కున పెట్టాడు. "కుంగిన సోఫానా? నా కొడుకు బండికి? నా చేతి సోఫా ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్కటి కుంగిందని ఎవడైనా వచ్చి చెప్పాడా?"

"మన పెళ్లయిన కొత్తలో ముందుగదిలో ఉండేదే, అది కుంగలేదూ?"

"అది వేరు. స్ప్రింగులు నాసిరకం."

"ముప్ఫై ఏళ్లుగా ఇదే మాట."

"నాసిరకమే."

"మీ దుకాణం మొత్తంలో నాసిరకం స్ప్రింగు ఇంకొక్కటి చూపించండి, చాలు."

మా ఆయన వాళ్ల నాన్న వంక చూశాడు. నేను బల్ల మీది గీతలు చూశాను.

"ఇంట్లో పదకొండు మంది," అన్నాడు మావయ్య చివరికి, మాతో కాదు, గ్లాసుతో. "కూచోడానికి ఆ ఒక్కటే చోటు. అమ్మ ఒకవైపు చూస్తుంటే, అన్నయ్యలు ఇంకోవైపు. ఎవరికీ అనుమానం రాకూడదుగా. మధ్యలో రెండు స్ప్రింగులు వదులు చేశా."

"రెండు కాదు, మూడు," అంది అత్తయ్య. "పైన కవరు కుట్టింది నేను కాదూ?"

మావయ్య ఆవిడ వంక చూశాడు. ఆవిడ లేచి గ్లాసులన్నీ తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆయన ఇంకాసేపు ఆ వైపే చూస్తూ కూచుని, తర్వాత చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు.

"బెంచీ వెడల్పెంత?" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే మావయ్య కొలతటేపు మెళ్లో వేసుకుని షెడ్డుకొచ్చాడు. ఆయనను అంత హుషారుగా నేను చూడలేదు. బండ్లు పన్నెండు, రోజులు ఏడు. సీటు మధ్యలో నాలుగు వేళ్ల లోతు, అంతకంటే ఒక్క గింజ ఎక్కువ వద్దంటాడు.

"పల్లం తీయడం ఎవడైనా తీస్తాడు," అని పాఠం చెప్పాడు మాకు. "మనిషికి తను జారినట్టు తెలియకూడదు. తనే కావాలని జరిగాననుకోవాలి. అదీ పనితనం."

అత్తయ్య కుట్టుమిషను షెడ్డుకు తెప్పించుకుంది. కవర్ల మీద నత్త జాడలా వెండిదారంతో ఒక మెరుపు గీత కూడా కుట్టింది, ఎవరూ అడక్కుండానే. భద్రత చూసే ఇంజనీరు వచ్చి అడ్డకడ్డీని పన్నెండు బండ్లలోనూ ఊపి ఊపి చూసి, సీట్లో తనే కాసేపు అటూ ఇటూ జారి, మొహం సీరియస్‌గా పెట్టుకుని సంతకం చేశాడు. నేను బండి తిరిగే కోణాలు ఏడు చోట్ల మార్చాను. మూడు చోట్ల రంగులక్క నల్లగుడ్డ కట్టింది. వెల్డరు బాబాయి చొక్కా తొడుక్కున్నాడు.

మమ్మల్ని మాత్రం బండెక్కనివ్వలేదు. "మీ సాక్ష్యం చెల్లదు," అంది రంగులక్క. రంగు డబ్బా తన మీద ఒలికించాడని పది రోజులుగా మాటల్లేని వెల్డరు బాబాయిని తీసుకెళ్లి రెండో చివర కూచోబెట్టి, తనే ఎక్కింది. తిరిగొచ్చేటప్పటికి ఇద్దరూ మధ్యలో ఉన్నారు.

"బకెట్టు కనపడిందా?"

"కోడి కనపడింది," అంది అక్క. "ఈయనగారు కెవ్వుమని నా చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు మాట్లాడక ఛస్తానా?"

దర్శకురాలు వచ్చింది. పొడుగ్గా, సన్నగా, తెల్లటి పొట్టి జుట్టుతో, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విని గానీ తల ఊపని మనిషి. మేనేజరు ఆవిడ వెంట నడుస్తూ వేగం గురించే చెబుతున్నాడు. బండెక్కి ఆవిడ ఈ చివర కూచుంది, మొహం అటు తిప్పుకుని. ఆయన ఆ చివర కూచున్నాడు, చేతులు కట్టుకుని. వాళ్ల మధ్య ఇంకో సంసారం పెట్టొచ్చు.

మేం కంట్రోలు గదిలో తెర ముందు నిలబడ్డాం. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నట్టు ఆయనకు తెలియదు. తెర మీద రెండు తలలు, రెండు అంచుల్లో. వానచుక్క దగ్గర మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆకు దగ్గర ఒక పిల్లి పట్టేంత. కోడి కాలు వాళ్ల ముందు దిగబడింది. కెవ్వుమని ఒక కేక, షెడ్డు రేకులు అదిరేలా. మేనేజరుది. రెండు తలలూ ఒక్కచోట ఉన్నాయి.

బండి బయటికొచ్చింది. మేనేజరు దిగబోయాడు. ఆవిడ దిగలేదు.

"ఇంకోసారి," అంది.

మూడుసార్లు తిరిగారు. మూడోసారి దిగి, నత్త గుల్లను అరచేత్తో ఒకసారి తడిమి, మా ఆయన్ని పిలిచింది. "ఆ కోడి నత్తనే చూస్తున్నట్టుంది. అది అసలు నత్తని గమనించదు, అదే దాని అందం. కన్ను కాస్త పైకి తిప్పండి. తెరిచే రోజుకి అవుతుందా?"

"అవుతుందండీ."

ఆవిడ అన్నది కన్ను గురించి. నాకు వినపడింది ఒక్క ముక్కే, తెరిచే రోజు.

మా ఆయన ఫోను తీసుకుని షెడ్డు బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తున్నాను, ఎండలో అటూ ఇటూ నడుస్తూ పట్టాల కంపెనీవాళ్లతో మాట్లాడుతున్నాడు. లోపలికొచ్చాడు.

"ఏమన్నారు?"

"రానని చెప్పేశా. పెళ్లికి శుభాకాంక్షలు చెప్పమన్నారు."

*

తెరిచిన రోజు ఎండ మండిపోతోంది. వరస గేటు దాకా ఉంది. మేనేజరు గొడుగు వేసుకుని ఆ వరస పక్కనే నడుస్తూ, "నత్త అండీ, మా నత్త," అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాడు. పక్క పార్కువాళ్లు ఊయల బండ్లకు సీట్లు చేసిపెట్టమని మావయ్యకు కబురు పెట్టారు. అత్తయ్య, మావయ్య మాకంటే ముందు బండిలో ఎక్కారు. ఎలా కూచున్నారో నేను చూడలేదు. కావాలనే చూడలేదు.

ఆ రోజు మేమూ టికెట్టు కొనుక్కుని, మామూలు జనంలా గంటన్నర వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. ఆయన ఈ పక్క నుంచి, నేను ఆ పక్క నుంచి ఎక్కాం. ఇంకా సర్దుకోలేదు, బండి నడిపే అమ్మాయి, "ఒక్క సీటు ఖాళీ! ఒంటరిగా ఎవరున్నారు?" అని కేక పెట్టింది. కొత్త పిల్ల, మమ్మల్నెరగదు. వరసలోంచి నిండైన పెద్దావిడ ఒకావిడ, "నేనున్నా, నేనున్నా," అంటూ వచ్చి, మా ఇద్దరి మధ్యా చతికిలబడింది. అడ్డకడ్డీ వాలింది.

మావయ్య పనితనం గొప్పది. వానచుక్క కూడా రాకముందే ఆయన ఆవిడ ఎడమ భుజానికీ, నేను కుడి భుజానికీ అతుక్కుపోయాం. ఆవిడ ఇటు చూసింది, అటు చూసింది.

"మీరిద్దరూ తెలిసినవాళ్లేనా?"

"ముఖపరిచయమండీ," అన్నాడు మా ఆయన, అవతల నుంచి.

నేను పెదవి కొరుక్కున్నాను. కోడి కాలు దిగబడింది. ఆవిడ కెవ్వుమని మా ఇద్దర్నీ చెరో చేత్తో వాటేసుకుంది. కోడి కన్ను పైకి, ఎక్కడో ఆకాశంలోకి చూస్తోంది. ఆకు తేలుతూ వచ్చింది. కప్ప తలుపు తీసి, వేళకే వచ్చావంది. పెద్దావిడ కళ్లు తుడుచుకుని, దిగే ముందు నా చెవి దగ్గరికి వంగింది.

"అబ్బాయి బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు," అంది గుసగుసగా. "ఈసారి ఎక్కినప్పుడు పక్కన కూచో."

పెద్దల మాట కాదనకూడదు కదా. ఇద్దరం వెళ్లి వరస చివర నిలబడ్డాం.